ఆయ్, తగ్గిందండీ

మొన్న మా అమలాపురం ఆసుపత్రిలో, కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన ఫిజీషియన్ అసిస్టెంటు అమ్మాయి, కొబ్బరి దింపు తీస్తూ జారిపడి నడుం పట్టేసిన ఒక పెద్దాయన్ని, మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారండీ అని అడిగితే, ఆయన ఆ బాధలోనే చేతులు జోడించి "నాదేవుందమ్మా, మీరెన్నేస్తే అన్నే" అన్నాడు. ఆ పిల్ల బిత్తరపోయి నావైపు చూసింది. కొత్తవాళ్ళకి ఏమేం రావాలో నాలుగు మాటలు చెప్పవయ్యా అని మా పెద్ద డాక్టరుగారు పొద్దున్నే ఆ పని నా నెత్తిన పెట్టి వెళ్ళారు. ఏం చెప్పను? సూది గుచ్చడం, ఈసీజీ చూడడం, ఒకరి జబ్బు ఇంకొకరి చెవిన వేయకపోవడం, అన్నీ నాకంటే ఆ పిల్లకే బాగా వచ్చు. నాకా, ఈ మధ్య వార్డు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేసరికే కాళ్ళు నన్ను తిట్టుకుంటున్నాయి. కుర్చీలో కూలబడితే, ఆ పిల్ల వయసులో నేనున్న రాజోలు గుర్తొచ్చింది.

కాకినాడలో శిక్షణ పొందిన కాగితం జేబులో పెట్టుకుని, మా మేనమామ సిఫారసుతో రాజోలులో ఒక డాక్టరుగారి దగ్గర అసిస్టెంటుగా చేరాను. ఆయన గొంతెత్తి మందు పేరు పిలిస్తే గోదావరి అవతల నరసాపురంలో నర్సులు ఉలిక్కిపడి అందించేవారంటే మీరు నమ్మరు. నమ్మకండి, నేను కూడా సగమే నమ్ముతాను. మనిషి మాత్రం వెన్న. చేరిన కొత్తలోనే నా చదువంతా ఓపిగ్గా విని, అదంతా బాగానే ఉందిగానీ మన కోనసీమ జనానికి మర్యాద అని ఒక జబ్బుంది, దాని సంగతి ఎవరైనా చెప్పారా అని అడిగారు. డాక్టరు మొహం మీద తగ్గలేదంటే ఆయన చేతిని తప్పుపట్టినట్టవుతుందని, ఒళ్ళు పెనంలా కాలిపోతున్నా "ఆయ్, తగ్గిందండీ" అనే జనం మనవాళ్ళు. "నాకు అబద్ధమే చెబుతారు. నీకు నిజం చెబుతారు. ఎందుకో తెలుసా? నీకు మర్యాద ఇవ్వక్కర్లేదు కాబట్టి" అన్నారు. నా చదువు మీద నాకున్న గర్వం ఆ పూటే లంకల్లో అరటితోటలా వరదలో కొట్టుకుపోయింది.

సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు నడిపే సరంగు ఒకాయన ఉండేవాడు. రక్తసంబంధం లేకపోయినా నాకు బాబాయే. షుగరున్న మనిషి. పంటు మీద ఇనపరేకు కోసుకుని అరికాలికి పుండు పడింది. కొన్నాళ్ళకి పైచర్మం కలుసుకుని చక్కగా మానినట్టే కనిపించింది. లోపల పోటుందా, చలి వస్తోందా అని డాక్టరుగారు ఎంత గుచ్చి అడిగినా, "ఆయ్, మీ చెయ్యి పడ్డాక తగ్గకుండా ఉంటదాండీ?" అనడమే తప్ప ఇంకో మాట లేదు. డాక్టరుగారికి మనసొప్పలేదు. లోపల చీము పాకితే కాలు తీసెయ్యాల్సి వస్తుంది, కాలు లేని సరంగుని పంటు ఎవరు ఎక్కనిస్తారు అని గొణిగి, నాకు కంటితో సైగ చేశారు.

వరండా బల్ల మీద బాబాయి పక్కన కూర్చుని, మా తాత కథ ఒకటి అప్పటికప్పుడు వండాను. తాత తెగించి తన పుండు తగ్గలేదని చెప్పేసరికి, ఇన్నేళ్ళకి నిజం చెప్పే రోగి దొరికాడని ఆనాటి డాక్టరుగారు పొంగిపోయి, తాతని ఏనుగెక్కించి అమలాపురం అంతా ఊరేగించారన్నాను.

"మన కాలవ గట్టు మీద ఏనుగెలా పట్టిందిరా, అబద్ధాలకోరు ఎదవా!"

"పక్కవాటుగా నడిపించేరు బాబాయ్."

కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోయాక కండువాతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు, "ఒరే, పొద్దోతే చలొచ్చేస్తందిరా. పిక్కదాకా ఒకటే సలుపు. చెప్పేననుకో, ఆయన చిన్నబుచ్చుకుంటారు. పాపం, అంత మంచాయన."

నేను లోపలికి పరిగెత్తాను. డాక్టరుగారు అప్పుడే పుండు కోసి చీము తీసి, నన్ను తోడిచ్చి కారులో కాకినాడ పంపించారు. రెండు వేళ్ళు పోయాయి, కాలు దక్కింది. వానలు వెనకబట్టేసరికి బాబాయి మళ్ళీ పంటు మీద నిలబడ్డాడు.

ఆ తరవాత అరటిగెల భుజాన వేసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. ఎలా ఉంది బాబాయ్ అన్నాను.

"ఆయ్, మీ దయవల్ల బాగుందండీ."

నన్ను మీరంటావేంటి, ఎదవా అను బాబాయ్ అని బతిమాలాను. "తప్పండీ. కాలు నిలబెట్టినోరిని అలాగనొచ్చాండీ?" అని చెంపలు వేసుకున్నాడు. ఇక అంతే, ఆయన నోట నాకు నిజం దొరకలేదు. వచ్చిన ప్రతిసారీ కాలు పట్టుకుని నొక్కి చూసి తెలుసుకోవాల్సిందే. ఇంకో ఏనుగు కథ చెబితే నవ్వకపోగా, "ఆయ్, నిజవేనండీ" అని తలూపాడు. కోతలు కోసేవాడికి అంతకంటే శిక్ష ఉంటుందా, మీరే చెప్పండి.

ఇప్పుడు నాకూ తెల్లకోటు ఉంది, జేబు మీద పేరుంది. కొత్తగా వచ్చే పిల్లలకైతే ఆ కోటుతో పాటే తొలిరోజు నుంచీ అండీలు వచ్చేస్తున్నాయి. చదివింది పనికొస్తుంది, కాదనను, కానీ తిట్టించుకోవడం వాళ్ళకి ఎవరు నేర్పుతారు? వరండాలో బల్లలు పోయి టోకెన్ల కుర్చీలొచ్చాయి. ఈ ఊళ్ళో నన్ను ఎదవా అని పిలిచే రోగి ఒక్కడూ మిగల్లేదు. రోజూ సాయంత్రమయ్యేసరికి వార్డులో అందరికీ తగ్గిపోతుంది. ఎవరికి ఎంత తగ్గిందో మాత్రం నాకు తెలియడం లేదు.