గోసాయికుండ దారిలో ఆంటీ

ఆంటీ పోయారన్న కబురు నాకు బెల్‌ఫాస్ట్‌లో, క్లినిక్ నడుస్తుండగా అందింది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. ఎడిన్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడేది. ఆ రోజు మాత్రం తెలుగులో, "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది" అంది. జబ్బు సంగతి తెలిసి ఆరు నెలలైంది. అయినా ఆ వాక్యానికి నేను సిద్ధంగా లేను.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. గుంటూరు వైపు నుంచి నర్సుగా వచ్చి, ఎడిన్‌బర్గ్‌లో ఊపిరితిత్తుల వార్డులోనే ఏళ్ళ తరబడి పనిచేశారు. నేను హైదరాబాదు నుంచి డాక్టరుగా ఆ ఊరు చేరినప్పుడు మా కింది ఫ్లాట్ ఆవిడది. ఆదివారం చర్చి, మిగతా సెలవుల్లో కొండలు. "ఈ ఊళ్ళో వాన ఆగాక బయల్దేరదామనుకుంటే పెన్షన్ వచ్చేదాకా ఇంట్లోనే ఉండాలమ్మాయ్" అనేవారు.

నేను స్పెషలిస్టు పరీక్ష రెండోసారి తప్పి, ఎవరికీ చెప్పకుండా తలుపేసుకుని కూర్చున్న వారంలో ఆవిడ వచ్చి తలుపు తట్టారు. చేతిలో కూతురి పాత బూట్లు.

"నీ సైజే అనుకుంటా. తొడుక్కో."

ఓదార్పు మాట ఒక్కటీ లేదు. బస్సెక్కి పెంట్‌లాండ్ కొండలకు వెళ్ళాం. పైన గాలికి వీపు పెట్టి కూర్చుని, గోంగూర పచ్చడి రాసిన శాండ్‌విచ్ చెరి సగం తిన్నాం. ఆ వారంలో నాకు ఆకలేసింది అప్పుడే.

గోసాయికుండ పేరు మొదట విన్నది ఆవిడ నోటే. నేపాల్లో, నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న సరస్సు అది. విషం మింగిన శివుడు గొంతు మంట చల్లార్చుకోవడానికి కొండని త్రిశూలంతో పొడిచి పుట్టించాడని అక్కడివాళ్ళ నమ్మకం. వార్డులో ఒక నేపాలీ నర్సు చెబితే విని, అక్కడికి నడిచి వెళ్ళాలని ఆంటీ మనసులో పెట్టుకున్నారు.

"మీరు చర్చికి వెళ్తారు కదా ఆంటీ, శివుడి సరస్సుకెందుకు?" అని అడిగాను.

"నీళ్ళు చేసిందెవరో నాకు తెలుసు. వాటికి ఎవరే పేరు పెట్టుకుంటే నాకేంటి?" అని నవ్వారు.

డ్యూటీల్లో సెలవులు పోగుచేసుకుని 2011 అక్టోబరులో ఇద్దరం వెళ్ళాం. మూడో రోజు పొద్దుటి నుంచే నాకు తలనొప్పి. డాక్టర్ని, అది ఎత్తు పడకపోవడానికి గుర్తని తెలియనిదాన్ని కాదు. అయినా చెప్పలేదు. మధ్యాహ్నం టీ దుకాణం వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుని తిరిగి చూస్తే ఆవిడ నిలబడి ఉన్నారు. చేతికర్రతో మట్టిలో ఒక గీత గీశారు.

"దీని మీద ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ నడువు. తూలితే కిందికే."

నాలుగో అడుగుకే పక్కకి తూలాను. సరస్సు ఇంకో మూడు గంటల దూరం. నన్ను తన స్నేహితుడు జాగ్రత్తగా దించుతాడని, ఆవిడ తనతో పైకి రావచ్చని మా వెంట వచ్చిన గైడ్ అన్నాడు. ఆవిడ అప్పటికే నా సంచి భుజాన వేసుకున్నారు. "నా పేషెంటు కిందికెళ్తుంటే నేను పైకెలా వెళ్తాను?" అన్నారు.

దిగుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. "అంతా నా వల్లే ఆంటీ."

"దిగడం కూడా నడకేనమ్మాయ్. ఏడిస్తే ఏడువుగానీ కాళ్ళ కింద చూసుకో."

సాయంత్రానికి నా తల తేలికపడింది. అప్పుడు తిట్టారు. "నొప్పి దాచిపెట్టే పేషెంటంటేనే నాకు భయం. పరీక్ష తప్పి దాచావు, ఇప్పుడిది దాచావు. ఏదైనా సరే, ముందు నోటితో చెప్పు. తర్వాత సంగతి తర్వాత." ఆ ఏడాదే వార్డులో నా పై డాక్టరు దగ్గరికి వెళ్ళి, చదవడానికి సాయం కావాలని నోరు తెరిచి అడిగాను. మూడోసారి పాసయ్యాను. ఈ రోజు నా రోగులకు నేను చెప్పే మొదటి మాట ఆవిడదే.

2013లో మళ్ళీ వెళ్ళాం. ఆవిడకి అప్పటికి అరవై. ప్రతి మజిలీలోనూ ఒక రోజు ఎక్కువ ఆగాం. ఈసారి తల కాస్త బరువనిపించినా వెంటనే చెప్పాను. ఆరో రోజు పొద్దున ఆ నీలం కళ్ళబడింది. ఆవిడ బూట్లు విప్పి, నీళ్ళలో పాదాలు పెట్టి, వెంటనే తీసేశారు.

"ఏమనిపిస్తోంది ఆంటీ?"

"చలేస్తోంది" అన్నారు. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

మొన్న చర్చిలో ప్రార్థన అయ్యాక ఆవిడ కూతురు నా చెయ్యి పట్టుకుని, "విల్ యు టేక్ మీ దేర్, అక్కా?" అంది. వచ్చే అక్టోబరుకి టికెట్లు తీసుకున్నాం. పిల్ల తొందరగా నడుస్తుంది. నెమ్మదిగా నడవడం నేర్పాలి.

2013లో ఆ రోజు మేం సరస్సు నుంచి తిరిగి దిగుతుంటే, పైకి వెళ్తున్న ఒక ముసలి యాత్రికురాలు మలుపులో రాతి మీద కూలబడి ఉంది. తనవాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఆంటీ ఆమె పక్కన కూర్చుని నాడి చూశారు, గోళ్ళ రంగు చూశారు, గీత మీద నడిపించారు. జబ్బు కాదు, అలసట. "నువ్విక్కడే ఉండు, పది నిమిషాల్లో వస్తా" అని నాతో చెప్పి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని మళ్ళీ సరస్సు వైపు తిరిగారు. ఒకరి భాష ఒకరికి రాదు. పది అడుగులకోసారి ఆగుతూ, ఆగినప్పుడల్లా ఏదో మాట్లాడుకుంటూ, ఒక ఉన్ని టోపీ, ఒక ఎర్ర శాలువా ఆ రాళ్ళ మీదుగా పైకి వెళ్ళాయి. అంచు దగ్గర ఇద్దరూ ఆగారు. ఆంటీ చెయ్యి చాపి ముసలామెకు నీళ్ళు చూపిస్తున్నారు.