మేస్త్రి గారి వాలు

మా మేస్త్రి గారు మొన్న శుక్రవారం పోయారు. మైపాడు బస్సు దిగిన ఒక మనిషి ఆ కబురు చెప్పి, అదే నోటితో, "మీ ఇంట్లో వంకర గట్టు కట్టింది ఆయనేగా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఐదేళ్లుగా మా ఊరు ఆయన్ను ఆ ఒక్క మాటతోనే గుర్తు పెట్టుకుంది. అది అబద్ధం. చదివేవారు ఆయన్ను ఎరగరు కనుక జరిగింది చెబుతాను. మా పెదనాన్న చదివి కోప్పడితే కోప్పడనీ.

మాది సముద్రానికి దగ్గర. రెండు మూరలు తవ్వితే నీరు ఊరుతుంది. కార్తీకం వానలకు మా స్నానాల గదిలో నీళ్లు బయటికి పోకపోగా, తూములోంచి తిరిగి లోపలికి వచ్చేవి. మా అక్కకు చిన్నప్పటి నుంచీ ఒక కాలు ఈడ్పు. ఆ మురికినీళ్లలో నిలబడలేక అవస్థ పడేది. ఆమె నిలబడి స్నానం చేయడానికి ఎత్తుగా ఒక గట్టు కట్టమని మేస్త్రి గారిని పిలిచాను.

ఆయన ముందు అక్కను అడిగారు: "ఏ కాలు ముందు పెడతావమ్మా?" ఆ కాలికి అందేటట్టు జానెడు ఎత్తు చాలన్నారు. పర్మిట్ మీద దొరికిన సిమెంటును పైన గరుకుగా పూసి, తూము వైపు వాలు పెట్టారు. ఆరాక చెంబెడు నీళ్లు పోసి నాలుగు బొరుగులు వేశారు. అవి ఎక్కడా ఆగకుండా తూములోకి పోయాయి. "నీళ్లకి పెద్దోళ్లు చిన్నోళ్లు తెలవదు నాయనా, పల్లమే తెలుసు" అని నవ్వారు.

నెల తిరక్కుండా పెదనాన్న వచ్చాడు. గట్టు మీద బిందె పెడితే ఒరిగింది.

"ఏందిరా ఇది? సాయిబు వంకరగా కట్టిపెట్టి పొయినాడే!"

"బిందె కోసం కాదు పెదనాయనా, అక్క కోసం" అని గొణిగాను.

"నోరు ముయ్యి. నీకేం తెలుసు కట్టుబడి సంగతి?"

మేస్త్రి గారు కావలిలో పని మీద ఉండగా, పెదనాన్న ఇంకొకరి చేత సమంగా, నున్నగా పూయించాడు. నీళ్లు నిలిచాయి. పాచి పట్టింది. అక్క జారిపడి మణికట్టు విరిగింది.

పైపూత మార్చిన సంగతి తెలియక ఊరంతా మేస్త్రి గారిని తిట్టింది. పెదనాన్న అరుగు మీద కూర్చుని విన్నాడు, పెదవి విప్పలేదు. నేనూ విప్పలేదు. నా కోపంలో సగం నా మీదే.

కావలి నుంచి మేస్త్రి గారు తిన్నగా మా స్నానాల గదిలోకే వచ్చారు. ఉలితో ఆ నున్నటి పూతంతా చెక్కేసి, తన వాలు తాను తిరిగి పెట్టుకున్నారు.

"అసలు సంగతి అందరికీ చెప్పమంటారా?" అని అడిగాను.

"నన్నడుగుతావేంది నాయనా? చెప్పేవాడు అడగడు."

ఆ తర్వాత మా ఊళ్లో ఆయన్ను పిట్టగోడ కట్టడానికి కూడా ఎవరూ పిలవలేదు. అక్క మాత్రం ఈ రోజుకీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ గట్టు ఎక్కుతుంది.

పోయారన్న కబురు విన్నాక, ఆయనకు మట్టి వెయ్యడానికి నేనూ వెళ్లాను. మా ఊరివాళ్లు పదిమంది దాకా వచ్చారు. వాళ్లు వెనుదిరుగుతుంటే అందరికీ వినబడేటట్టు అన్నాను: "ఆ పని చెడగొట్టించింది మా పెదనాయన. మేస్త్రి గారు కాదు. నాకు అప్పుడే తెలుసు."

"ఇప్పుడా చెప్పేది?" అన్నారెవరో.

మేస్త్రి గారి కొడుకు తల తిప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గాలికి జారిపోతున్న ఇసుకను రెండు అరచేతులతో తండ్రి మీదికి మళ్లీ మళ్లీ అదుముతూనే ఉన్నాడు.