టైరులో గాలి ఎక్కువైతే

ఎనిమిదేళ్లు తారు రోడ్ల మీద సైకిల్ తొక్కి, పోయిన నెల గుట్టలెక్కే లావు టైర్ల సైకిల్ కొన్నాను. ఇవాళ పొద్దున కూడా పాత అలవాటు కొద్దీ టైర్లు రాయిలా బిగిసేదాకా గాలి కొట్టి, కాజీపేట దాటాక ఓ గుట్ట ఎక్కాను. దిగేటప్పుడు ప్రతి రాయికీ సైకిల్ ఎగిరిపడింది, పళ్లు టకటకలాడాయి. ఇక లాభం లేదని దిగి నడిపించుకొచ్చాను.

కింద మేకలు కాస్తున్న తాత వచ్చి టైరు నొక్కి చూశాడు.

"గింత గాలేంది బిడ్డా? జర తీయ్. సైకిల్ మీద పాలు అమ్మవోయేటప్పుడు గీ బాటల గిట్లనే గట్టిగ కొట్టి, సగం పాలు ఒలకబోసుకున్నోన్ని నేను."

మనసొప్పకపోయినా తీశాను. మళ్లీ ఎక్కి దిగితే, అబ్బ! సైకిల్ రాళ్లను పట్టుకుని జారకుండా దిగింది. నేను వేసిన కేకకు మేకలు బెదిరాయి. వెంటనే మళ్లీ ఎక్కుతుంటే తాత అరిచాడు.

"మల్లెందుకు ఎక్కుతానవ్? పైన ఏమన్న మర్శిపోయినవా?"

"ఏం లేదు తాతా, ఊకెనే!"

నలభై రెండేళ్ల మనిషిని, ఊకెనే మూడుసార్లు గుట్టెక్కి దిగాను. మీరు ఈమధ్య ఊకెనే చేసిన పనేదో కింద రాయండి. ఏదీ గుర్తురాకపోతే, రేపు చేసి రాయండి.