తొంగోడం వేరు, నిద్దర వేరు

మా వదిన పోయినాది. పోయిన గురువారం, మధ్యాహ్నం అన్నం తిన్నాక. వచ్చినోళ్లందరూ నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "అదృష్టవంతురాలు, నిద్దర్లో పోయినాది." అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. తెలివిగా ఉండగానే పోయినాది. చేపల పులుసులో చింతపండు తక్కువైందని నా కోడల్ని తిట్టి, గుండె పట్టుకున్నాది. లోపలికి తీసుకెళ్లి తొంగోబెడదామని రెక్క పట్టుకుంటే నా చెయ్యి తోసేసినాది. "నాను తొంగోను. కూకుంటాను," అన్నాది. కూకునే పోయినాది.

ఇంటి కుర్రోళ్లు చావు కబురుకి అచ్చు వేయించిన కాగితం మీద "శాశ్వత నిద్ర" అని ఉంది. ఆ మాట నేను పెన్నుతో కొట్టేసినాను. వాళ్లకి కోపం వచ్చినాది. రానీ. ఎందుకు కొట్టేసినానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాకు పెద్ద చదువు లేదు. ఎస్టేటు బడిలో రెండో క్లాసుతో సరి. తప్పులుంటే మీరు దిద్దుకోండి. మనిషి గురించి మాత్రం తప్పు రాయను.

మాది మలేసియాలో హుటాన్ మెలింటాంగ్, సముద్రం పోటు తగిలే నది ఒడ్డున ఊరు. అన్న పడవ మీద పనికెళ్లేవాడు. నేను తౌకే దగ్గర, అంటే మా చీనా యజమాని దగ్గర, చేపల లారీ తోలేవాణ్ని, జెట్టీ దగ్గర ఐసుపెట్టెలు ఎక్కించుకుని ఇపో మార్కెట్టుకి. వదిన సర్కారు క్లినిక్కులో ఆయా. మలాయ్, అరవం, తెలుగు మూడూ గడగడా మాట్లాడేది. ఏ ముసలోడికి ఏ నొప్పో డాక్టరుకి చెప్పడానికి వదిన కావాల్సిందే. తిట్టకుండా మందు ఇచ్చేది కాదు. ఎవరినైనా లేపాలంటే పేరెట్టి పిలిచేది కాదు, కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా ఊపేది. "పేరెట్టి లేపితే ఉలిక్కిపడతారు. వేలు పట్టుకుంటే ఎవరో మనోళ్లే అని లేస్తారు," అనేది.

ఆమె పెన్షనయ్యాక క్లాంగ్ నుంచి ఒక డాక్టరు పిల్ల వచ్చినాది. అరవం పిల్ల, మర్యాదస్తురాలు. జనం నిద్ర ఎలా ఉంది, గురక ఉందా, పగలు కునుకు వస్తాదా, ఇవన్నీ ఇల్లిల్లూ అడిగి రాసుకునే పని. అరవం ఇళ్లల్లో తనే అడిగేది. మా తెలుగు ఇళ్లల్లో ముసలోళ్లకి అరవం వచ్చినా మనసు విప్పి చెప్పరు. అందుకని వదినని తోడు తీసుకున్నాది. వదిన చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఆ పిల్ల మోటారు సైకిలు మీద వెనక కూర్చుని ఇల్లిల్లూ తిరిగినాది. అందరినీ ఒకటే అడిగినాది.

"ఎన్ని గంటలు తొంగుంటావు?"

నన్నూ అడిగినాది. తొమ్మిది గంటలన్నాను. గొప్పగానే అన్నాను. మా వీధిలో అందరూ ఎనిమిది, తొమ్మిది, పది అన్నారు. డాక్టరు పిల్ల సంతోషపడి, ఇక్కడ తెలుగువాళ్ల నిద్రకి ఢోకా లేదని రాసుకుని వెళ్లిపోయినాది. గురక పరీక్ష చేసే మిషను మా ఊరికి అక్కర్లేదన్నారు.

తర్వాత ఒకరోజు వదినకి ఇపోలో పట్టుచీర కొనాలి, మనవరాలి పెళ్లి. నా లారీలోనే ముందు సీట్లో ఎక్కినాది. చేపలు దించేసినాక బజారుకి పోతున్నాం. పట్టపగలు, పెద్ద రోడ్డు. ఎర్ర లైటు దగ్గర ఆగినాను. తర్వాత నాకు తెలిసింది చెవి మెలేసిన నొప్పి ఒకటే. వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి.

"ఓరి మరిదీ! పచ్చలైటు పడి, మళ్లీ ఎర్రలైటు పడినాది. కళ్లు తెరుచుకునే ఏటా కునుకు?"

"కునుకు కాదొదినా, ఏదో ఆలోచన."

"ఆలోచనకి గురకొస్తాదేటి?"

పక్కన కాఫీ అమ్మే కోపి కొట్టు దగ్గర లారీ ఆపించినాది. ముఖం కడుక్కురమ్మన్నాది. తను కోపిని సాసరులో పోసుకుని ఊదుకుంటూ నన్నే చూస్తున్నాది.

"కాగితంలో తొమ్మిది గంటలని రాయించినావు. నాకు అబద్ధం చెప్పినావా?"

"అబద్ధమేటి! తొమ్మిది గంటలు తొంగుంటాను. నిద్దరెక్కడ పడతాది? ఊపిరాడక లేచి కూకుంటాను, మళ్లీ తొంగుంటాను. నువ్వు నిద్దరడిగినావా? తొంగోడం అడిగినావు."

వదిన చేతిలో సాసరు అలాగే ఉండిపోయినాది. కోపి చల్లారిపోయినాది. మీకూ తెలిసే ఉంటాది. మన ఇళ్లల్లో నడుం వాల్చినా తొంగోడమే, ఒళ్లెరక్క నిద్దరపోయినా తొంగోడమే. ఆమె ఒక మాటే అడిగినాది, మేమూ ఒక మాటే చెప్పినాం. అడిగినోళ్లదీ తప్పే, చెప్పినోళ్లదీ తప్పే. నష్టం మాత్రం మా ఊపిరికి.

దారంతా నాతో మాట్లాడుతూనే ఇంటికి చేర్చినాది. దిగగానే లారీ తాళం లాక్కుని రవికలో దోపుకున్నాది. సాయంత్రం తౌకే వచ్చి గుమ్మంలో నిలబడి తాళం అడిగితే మలాయ్‌లో కడిగేసినాది. నీ చేపలు చచ్చిపోయే ఉన్నాయి, నా మరిది ఇంకా బతికున్నాడు, ముందెవరి సంగతి చూడాలో నువ్వే చెప్పమన్నాది. ఆ చీనావాడు నవ్వలేక, తిట్టలేక, వేరే డ్రైవరుని చూసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పది రోజులు వదినతో మాట్లాడలేదు.

ఆ పది రోజులూ ఆమె ఊరికే కూర్చోలేదు. డాక్టరు పిల్ల లేదు, మోటారు సైకిలు లేదు. మోకాళ్ల నొప్పితో, గొడుగేసుకుని, మళ్లీ ఇల్లిల్లూ నడిచినాది. ఈసారి వేరేగా అడిగినాది. "నిద్దర పట్టిన కాడి నుంచి తెలివొచ్చే దాకా ఎంత? మధ్యలో ఎన్నిసార్లు లేస్తావు? నీ పక్కనోళ్లు నీ గురకకి ఎక్కడికి పోయి తొంగుంటారు?" తొమ్మిదన్నోళ్లు నాలుగన్నారు. పదన్నోళ్లు ఐదన్నారు. కొందరు కోప్పడ్డారు కూడాను. "ముందొకసారి చెప్పినాం కదా, నీకు పని లేదా?" అని. "తప్పు చెయ్యడానికి నోరు చాలు. దిద్దడానికి కాళ్లుండాల," అన్నాది వదిన.

ఆఖరున మా ఇంటికొచ్చినాది. కోపం పక్కనెట్టి అంతా చెప్పినాను. కాగితం మడుస్తుంటే అడిగినాను.

"నీదేటి వదినా? నీది రాసుకోలేదు."

"నన్నెవరడిగినారు?"

"నానడుగుతున్నాను."

మడిచిన కాగితం మళ్లీ విప్పినాది. "మీ అన్న ఉన్నప్పుడు పోటు చూసుకుని పడవెక్కేవోడు. ఆయనతో లేచి గంజి కాసేదాన్ని. ఆయన పోయి పన్నెండేళ్లయినాది. ఇప్పటికీ నదికి పోటొస్తే నాకు తెలివొస్తాది." అని తన పేరు అందరికన్నా కింద రాసుకున్నాది.

కాగితాల కట్ట పట్టుకుని క్లాంగ్ పోయినాం, నేనూ ఆమే, బస్సు మారి రైలెక్కి. డాక్టరు పిల్ల కాగితాలు చూసి తల పట్టుకున్నాది. మా దేశంలో ఎవరైనా మాట చివర ఒక 'లా' తగిలిస్తారు, ఆ పిల్లా అంతే.

"ఆంటీ, రిపోర్టు వెళ్లిపోయింది. ఇప్పుడెలా లా? అయినా అందులో తెలుగు, అరవం అని వేరేగా లేదు. అందరూ ఇండియన్ అనే ఒక్క గడిలో పోతారు. కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు."

వదిన కూర్చోలేదు. నిలబడే మాట్లాడినాది, అరవంలో. నాకూ అరవం వచ్చు, విన్నాను. "మీ ఇంట్లో నడుం వాల్చడానికి 'పడుక్క' అని ఒక మాట, నిద్దరకి 'తూంగ' అని ఇంకో మాట. మీ అమ్మని అడిగితే సరైన జవాబొచ్చినాది. మాకు రెండూ ఒకటే మాట. మా జవాబు తప్పొచ్చినాది. రెండూ ఒకే గడిలో పోసి కలిపేస్తావా? తప్పు నాది. నా పేరెట్టి రాసుకో, ఆయాకి బుద్ధి లేదని రాసుకో. వాళ్ల నిద్దర మాత్రం దిద్దు. అంతవరకూ నాను కదల్ను."

ఆ పిల్ల పెదాలు కదిపి తన రెండు మాటలూ తనలో తాను అనుకుని చూసుకున్నాది. తర్వాత లేచి, కుర్చీ లాగి వదినకేసి, కాగితాలు ముందుకి జరుపుకున్నాది.

మిషను మా ఊరికి వచ్చినాది. పరీక్షలో నా ఊపిరి ఎన్నిసార్లు ఆగిపోయిందో చూసి నేనే భయపడ్డాను. ముక్కుకి గొట్టం పెట్టుకుని తొంగోమన్నారు. "నానేటి ఏనుగునా, తొండం కట్టుకోడానికి?" అన్నాను. "వినాయకుడికి లేని సిగ్గు నీకేటి మరిదీ?" అన్నాది వదిన. పెట్టుకున్నాను. అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను.

డాక్టరు పిల్ల మా వీధి వరకూ దిద్దినాది. గడి మాత్రం మారలేదు. అది తన చేతిలో లేదన్నాది. ఎవరి చేతిలో ఉందో వాళ్లకి చెప్పమని వదిన పోయేదాకా పోరుతూనే ఉన్నాది. అలాంటి మనిషిని నిద్రపోయిందని అచ్చు వేస్తే నేనూరుకుంటానా?

నిన్న ఇపో ఆస్పత్రికి వెళ్లినాను, నా గొట్టం చూపించుకోడానికి. కిటికీ దగ్గర మలాయ్ పిల్ల కొత్త ఫారం ఇచ్చి, "అంకుల్, ఇండియన్ దగ్గర టిక్కు పెట్టండి లా," అన్నాది. నేను టిక్కు పెట్టలేదు. గడి పక్కన ఖాళీలో, నాకొచ్చిన వంకర అక్షరాలతో, "తెలుగు" అని రాసినాను. వెనక లైనులో జనం గొణుగుతున్నారు. ఆ పిల్ల కాగితం అటు తిప్పినాది, ఇటు తిప్పినాది. నా అక్షరాలకి ఏది పైనో, ఏది కిందో తెలీలేదు. నేను చెప్పలేదు. కిటికీకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. చివరికి తలకిందులుగానే పట్టుకుని, గట్టిగా ముద్ర గుద్దినాది.