పక్క చేలో కొట్టిన మందు

సలీనాస్ స్ట్రాబెర్రీ చేలల్లో ఫిడెన్సియా ముఠా మేస్త్రి. ముఠాలో అందరూ సరిహద్దు అవతల ఒహాకా కొండల నుంచి కూలికి వలస వచ్చినవాళ్లే. ఆమె తమ్ముడి భార్య ఒతీలియా కూడా వాళ్లతోపాటే కాయలు కోసేది.

ఆ ఉదయం పక్క బ్రోకలీ చేలో ట్రాక్టరుతో పురుగుమందు కొడుతున్నారు. ఉన్నట్టుండి గాలి ఇటు తిరిగింది. కుళ్లిన వెల్లుల్లి లాంటి కంపు గుప్పున కొట్టింది.

"వదినా, కళ్లు మండిపోతున్నాయి. బయటికి పోదామా?" అంది ఒతీలియా.

"వాసనకే సొమ్మసిల్లుతావా, మహారాణీ? పల్లకీ తెప్పించమంటావా? ఈ సాలు కానివ్వు!"

ముఠా అంతా నవ్వింది. ఫిడెన్సియా కళ్లూ మండుతూనే ఉన్నాయి. కానీ పెట్టెలు నిండకపోతే సూపర్‌వైజరు చేత మాటపడేది తనే.

సాలు చివరికి రాకుండానే ఒతీలియా కూలబడి వాంతి చేసుకుంది. నోట చొంగ ఆగలేదు. పిక్కల్లో కండలు వాటంతటవే అదురుతున్నాయి. వ్యానెక్కిస్తుంటే సూపర్‌వైజరు దగ్గరికొచ్చాడు.

"ఎండదెబ్బని చెప్పు. మందు మాటెత్తావో, రేపట్నుంచి నీ ముఠాకి పనుండదు."

ఆస్పత్రిలో డాక్టరమ్మ సూటిగానే అడిగింది. "పురుగుమందేమైనా తగిలిందా?"

"లేదమ్మా, ఎండే," అంది ఫిడెన్సియా.

సెలైన్ ఎక్కించారు. కాసేపటికి ఒతీలియా ఊపిరి గురగురలాడింది. చేత్తో తడుముకుంటూ, "వదినా, అంతా మసకగా ఉంది. ఇక్కడే ఉన్నావా?" అంది.

ఫిడెన్సియా బయటికి పరుగెత్తి డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఎండ కాదమ్మా! పక్క చేలో మందు కొట్టారు. అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. ఒతీలియాకు విరుగుడు సూది వేసింది, బట్టలు తీయించి ఒళ్లంతా సబ్బుతో కడిగించింది.

ఒతీలియా బతికింది. ముఠాకి ఆ పని పోయింది, వేరే చేలల్లో దొరికింది. ఇప్పుడు ఏ మూల మందు కంపు తగిలినా ఫిడెన్సియా పని ఆపించి అందర్నీ చేను బయటికి పంపేస్తుంది. అయినా ఒతీలియా చేతుల వణుకు మాత్రం పోలేదు. ఆదివారాలు ఫిడెన్సియా వెళ్లి ఆమెకు తల దువ్వి, చొక్కా బొత్తాలు పెడుతుంది.

ఒక ఆదివారం ఒతీలియా అంది: "ఆస్పత్రిలో అబద్ధం చెప్పావని మీ తమ్ముడు చెప్పాడు. భయపడ్డావు, పోనీ. కానీ అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశావే వదినా, అదే మరుపు రావట్లేదు."

ఫిడెన్సియా మిగిలిన బొత్తాలు పెట్టి, పొయ్యి మీద టోర్టియా రొట్టెలు వెచ్చబెట్టడానికి లేచింది.