పొగ కనపడని పొయ్యి

ఛీమే చేసిన తప్పల్లా పాలు పొంగనివ్వడమే.

లాహౌల్ లోయలో క్యూర్పా వాళ్ళింటికి ఆమె కోడలిగా వచ్చిన మొదటి చలికాలం. తెల్లారగానే అత్త దోల్కర్ దుప్పట్లోంచే, "ఏమే, నిప్పు చచ్చినట్టుంది, కాస్త రాజెయ్యి" అంది. ఛీమే బూడిద లాగి, ఇనప పొయ్యి తలుపు బార్లా తెరిచి, ఎండు పుల్లలు దండిగా వేసి, పైన పాలు పెట్టింది. మంట భగ్గుమంది. ఆమె తిరిగి చూసేలోపే పాలు పొంగి పొయ్యి మీద పడి మాడాయి. ఆ మాడు కంపు ఇంకా ముక్కులో ఉండగానే, పొయ్యి నుంచి మిద్దె పైకి వెళ్ళే గొట్టం కొండ మీంచి మంచుచరియ జారినట్టు హోరెత్తింది. గొట్టం చివర నిప్పులు చిమ్మాయి. మిద్దె మీద చలికాలానికని పేర్చిన గడ్డి అంటుకుంది.

ఊరంతా పరిగెత్తుకొచ్చి పారలతో మంచు చల్లింది. ఇల్లు మిగిలింది, గడ్డి మిగల్లేదు. కనుమ మూసుకుపోయింది కాబట్టి మంచు కరిగేదాకా బయటి నుంచి గడ్డిపోచ కూడా రాదు. కింది అంతస్తులో కట్టేసిన ఆవుల్లో మంచు కరిగేనాటికి ఒక్కటే తన కాళ్ళ మీద నిలబడింది.

"పొయ్యి దేవుడి మీద పాలు మాడ్చింది. ఆయన ఊరుకుంటాడా?" అని అత్త అందరి ముందూ అంది. లామా వచ్చి ధూపం వేసి, మంత్రం చదివి, ఛీమే తన చేత్తో ఈ పొయ్యిలో ఇక పుల్ల వెయ్యకూడదని చెప్పి వెళ్ళాడు. మొగుడు అంగ్రూప్ పక్కనే నిలబడి కాళ్ళకంటిన మంచు దులుపుకున్నాడు.

మా దగ్గర పొయ్యికి ఎంత దగ్గరో మనిషికి అంత విలువ. ఆ రోజు నుంచి ఛీమే చోటు గుమ్మం పక్కన. పిండి పిసికేది, నీళ్ళు మోసేది, పేడ ఎత్తేది ఆమె. వండేది అత్త. పిల్లలు కలగలేదు. అదీ పాల మీదకే పోయింది. ఆవు ఈనకపోయినా, బార్లీ సరిగా పండకపోయినా అందరి చూపూ గుమ్మం వైపే తిరిగేది. దేవుడు ఒక్క గిన్నెడు పాల కోసం ఇన్నేళ్ళు కక్ష కడతాడా అని ఎవరూ అడగలేదు. దేవుడికి లేని కక్షలు మనుషులు ఆయన పేరున సాగిస్తారు. అందులో మా ఊరికి ఎవరూ సాటిరారు.

ఊరి ఆడవాళ్ళు చలికాలమంతా ఒకే గదిలో కూర్చుని ఉన్ని నేసేవాళ్ళు. అందరికంటే ముందే మంచులో నడిచొచ్చి ఆ గది వెచ్చబెట్టే మనిషి కావాల్సి వచ్చింది. ఎవరికీ ఇష్టం లేదు.

"ఛీమేని పెట్టండే. అక్కడ మిద్దె మీద గడ్డి లేదుగా!" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. ఛీమే ఒప్పుకుంది. ఏ పొయ్యి దగ్గరికి రానిచ్చినా ఆమెకు చాలు.

మొదట్లో గదంతా పొగ. కట్టె ఎక్కువసేపు రావాలని ఆమె కూడా ఇంట్లో చూసినట్టే పొయ్యికున్న గాలి కంత మూసేసేది. నేతగత్తెలు కళ్ళు తుడుచుకుంటూ, "ఛీమే, మేమిక్కడ శాలువలు నేస్తున్నామా, నువ్వు మా మాంసం ఎండబెడుతున్నావా?" అనేవాళ్ళు.

పొయ్యి కాలు విరిగితే అతకడానికి తండుప్ వచ్చాడు. ఊళ్ళో పొయ్యిలన్నీ చేసిన ముసలి కమ్మరి, లోహారి కులంవాడు. కులం తక్కువని ఏ ఇంట్లోనైనా గుమ్మం దగ్గరే కూర్చోబెట్టేవాళ్ళు. తనకూ అక్కడే చోటు కాబట్టి ఛీమే ఒక్కతే అతన్ని 'మేమే' అనేది, తాత అన్నట్టు.

"ఇది పొయ్యా, నక్కబొరియా? ఇంత పొగేమిటమ్మాయ్?" అన్నాడు.

"తడి కట్టె మేమే. గాలి తగ్గిస్తే సాయంత్రందాకా వస్తుందని..."

"పీక నొక్కితే మనిషి ఎక్కువకాలం బతుకుతాడా? రా, చూడు."

గొట్టం ఊడదీసి బోర్లించాడు. లోపల నల్లటి తారు, ఎండిన జిగురులా పలకలు పలకలుగా రాలింది. ఒక పెచ్చు తీసి నిప్పుకి ఆనించాడు. అది బుస్సుమని మండింది.

"కాలని పొగంతా ఇలా గొట్టంలో పేరుకుంటుంది. ఏదో ఒక రోజు గట్టిగా మంట పెట్టావో, గొట్టమే కాలుతుంది."

ఛీమే ఇంకో పెచ్చు ఏరి, తనే నిప్పుకి ఆనించి చూసింది.

ఆ చలికాలం అతను ఆమెకు పొయ్యి నేర్పాడు. కట్టె ఎండాకాలంలోనే చీల్చాలి. రెండు ముక్కలు కొడితే టంగుమనాలి, దబ్బుమంటే అది ఇంకా చెట్టే. ముందు గాలి పూర్తిగా వదిలి, గొట్టం బాగా వేడెక్కేదాకా భగభగా మండనివ్వాలి. బయటికెళ్ళి చూడాలి. గొట్టం పైన పొగ కనపడకూడదు, వేడికి గాలి వణకడం మాత్రమే కనపడాలి. అప్పుడు నిప్పులు ముందుకి లాగి, వెనక లావు దుంగ పెట్టి, గాలి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఎప్పుడూ పూర్తిగా మూయకూడదు. ఛీమే ఎన్నోసార్లు చెడగొట్టింది. తొందరపడి మూసేది, ముసలాడు తిట్టేవాడు. చివరికి పొద్దున పెట్టిన దుంగ పొద్దుగూకేదాకా నిప్పై నిలిచే రోజొచ్చింది. ఆడవాళ్ళు ఉన్ని టోపీలు తీసి పక్కన పెట్టారు. మెచ్చుకోలు అంతే.

ఆ రోజే ఆమె అడిగింది. "మేమే, మా ఇంటి గొట్టం కూడా ఇలాగేనా?"

తండుప్ గడ్డం గోక్కున్నాడు. "కాలిన గొట్టం విప్పింది నేనే తల్లీ. మిగిలిన తారే రెండు వేళ్ళ మందం ఉంది. అంగ్రూప్ దాన్ని నా చేతే మంచులో పూడ్పించాడు. ఆ ఏడు అతను మనాలీలో పేకాటలో పడి, కట్టె చీల్చే వేళకి రాలేదు. ఏటిగట్టున పచ్చి విల్లో కొమ్మలు నరుక్కొచ్చి, రోజూ సాయంత్రం కుక్కి గాలి మూసేవాడు. నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నాను. లోహారి మాట ఎవడు వింటాడు?"

"నేను వినేదాన్నిగా" అంది ఛీమే.

ఆమె ఇంటికెళ్ళి మొగుణ్ణి నిలదీసింది. అతను కాదనలేదు, అదే ఆమెను ఎక్కువ మండించింది.

"నాకు ఆ పొద్దునే తెలుసు" అన్నాడు. "అమ్మ అనేసింది. అందరూ విన్నారు. అమ్మ మాట అబద్ధమని ఎలా చెప్పను?"

"ఇప్పుడు చెప్పు. ఆ జనం ముందే చెప్పు. నాకింకేమీ వద్దు."

"ముసలిది. పోనీ, పోయాక చెప్తా."

దోల్కర్ మరో మూడు చలికాలాలు బతికింది. చివర్లో దగ్గుతూ కూడా పొయ్యి తలుపు తనే మూసేది. ఆమె పోయాక, కర్మ భోజనం నాడు ఊరంతా వచ్చింది. పొయ్యి పక్కన అత్త చోటు ఖాళీగా ఉంది. ఛీమే మొగుడి వంక చూసింది. అంగ్రూప్ గొంతు సవరించుకున్నాడు.

"రా అమ్మా, కూర్చో" అన్నాడు, ఆ మధ్యే ఇంటికొచ్చిన తన తమ్ముడి పెళ్ళాంతో, ఆ చోటు చూపించి.

ఛీమే మర్నాడు తన దుప్పటి, రాగి గిన్నె తీసుకుని నేత గదికి వచ్చేసింది. ఎవరూ ఆపలేదు. "నిప్పు చేతిది పోయింది, ఇక గడ్డికి భయం లేదు" అన్నారట.

కొన్నేళ్ళకి, తండుప్ చనిపోయిన చలికాలంలో ఓ మధ్యాహ్నం అంగ్రూప్ వచ్చాడు. ముసలివాడయ్యాడు. కళ్ళు పొగకి ఎర్రబారి నీరు కారుతున్నాయి. ఛీమే ఉప్పు టీ పోసిచ్చింది.

"ఇల్లంతా పొగే. తమ్ముడి పెళ్ళానికి ఏమీ చేతకాదు. ఇంటికి రా. పొయ్యి నీదే, ఎవరూ ఏమీ అనరు."

"ముందు చెప్తానన్నది చెప్పు. ఊరి ముందు."

"ఎవరికి చెప్పను? ఆ పొద్దున అక్కడున్నవాళ్ళెవరు మిగిలారు? అమ్మ లేదు, లామా లేడు, లోహారి కూడా లేడు. పాత సంగతి. ఇప్పుడు తవ్వితే నవ్వుతారు."

"నేనున్నాగా. పోనీ, నాకే చెప్పు. తప్పు నాది కాదని ఒక్కసారి అను."

అంగ్రూప్ టీ గిన్నె ఎత్తాడు. అడుగు కనపడేదాకా తాగాడు. టోపీ చెవుల మీదకి లాక్కుని లేచాడు. "మంచు పడేలా ఉంది. రేపు మళ్ళీ వస్తాలే" అన్నాడు.

"రావద్దు" అంది ఛీమే. "ఒక్కొక్కళ్ళూ పోవాలనే కదా ఇన్నాళ్ళూ ఆగావు. ఇక నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే నీకు హాయి. గొట్టం దులిపించుకో, పచ్చి కట్టె పెట్టకు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు."