బండి కిందికి దించిన మేస్త్రి

మేడ్చల్‌ల, బండ్ల కింద బరువు మోసే కమాన్లు బాగుచేసే షెడ్డు నడిపే మేస్త్రి పోయిండు. షెడ్డు పక్క హోటల్ ఆయన ఫోన్ చేసి చెప్పిండు. పొద్దుగాల చాయ్ తాగి షట్టర్ లేపబోయిండట, గక్కడనే కూలబడ్డడట. నేను ఊఁ అన్న.

నాకు మొదటినుంచి మాటలు తక్కువ. మా చేన్ల కూరగాయలు చిన్న ట్రాలీ బండిల ఏసుకోని శామీర్‌పేటకు పోతం. అమ్ముడు మా ఇంటామెదే. నేను తూకం పట్టుకోని నిలబడత. రెండేండ్ల కింద ఆమెకు మోకాళ్ళు పట్టుకున్నయ్. బండి ఎక్కరాలే. ఎత్తి కూసోబెడతనంటే నలుగురు జూస్తరని ఇంట్లనే ఉండిపోయింది. నేనొక్కన్నే పోతే సగం సరుకు మళ్ళ ఇంటికే వచ్చేది.

గప్పుడు మేస్త్రి కాడికి పోయిన. "బండి కిందికి దించాలె" అన్న. ఎందుకో చెప్పనీకి సిగ్గయింది.

"అందరు లోడు కోసం పట్టీలు ఎక్కియ్యమంటరు. గీ వయసుల నీకు పోరగాండ్ల షోకేంది పటేలా?" అని నవ్విండు. వెనక కమాన్లకెళ్లి రెండేసి ఇనుప పట్టీలు తీసిండు. వెనక దిగింది గని, ముందట కూసునే కాడ ఇంకింత లేచింది.

తెల్లారి మా ఆమెను ఎట్లనో ఎక్కిచ్చి తీసుకపోయిన. షెడ్డు కాడ నేను చేతులేసి దించుతుంటే మేస్త్రి జూసిండు. నవ్వలే.

"గీ ముచ్చట నిన్ననే చెప్పొద్దా?"

"ఆయన నోరు తెరిస్తే వాన పడ్తది తమ్మీ" అన్నది మా ఆమె.

"పీట ఏసుకోని ఎక్కరాదు అక్కా?"

"పీట ఏసుడంటే నాతోని అయితలేదని అంగడందరికి చెప్పినట్టే గద."

మేస్త్రి ఆమెను గోడకు ఆనుకొమ్మని, నొయ్యకుండ ఎంత లేస్తదో అంతే కాలు లేపమన్నడు. పాదం కింద జానేసి కొలుసుకున్నడు. ముందటి పట్టీలు ఊడదీసి, కొలిమిల కాల్చి, వంపు తగ్గేదాక కొట్టిండు. "ఇగ అర లోడే ఏయాలె. గుంతల కాడ మెల్లగ పోవాలె" అన్నడు. మా ఆమెను మూడుసార్లు ఎక్కి దిగమన్నడు. మూడోసారి ఆమె నా చెయ్యి పట్టుకోలే.

గా దినం నుంచి ఎవరి బండి వచ్చినా, "ఇండ్ల కూసునేదెవరు?" అని ముందుగాల అదే అడుగుతుండె. మేం గా తొవ్వల పోయినప్పుడల్ల చెయ్యి లేపుతుండె. నేను తల ఊపుతుంటి. మంచిగ చేసినవని ఒక్కనాడన్న అనలే.

మేస్త్రి దినాలకు గౌడవెల్లిల ఉన్న ఆయన ఇంటికి పోయినం. మా ఆమె తనంతట తానే దిగి, మేస్త్రి భార్య పక్కన కూసున్నది. "మా బండి నా కోసం దించింది ఆయననే చెల్లే" అన్నది.

"నాకు ఎరుకలే. ఇంట్ల పని ముచ్చట ఎత్తకపోతుండె."

మేస్త్రి భార్య లేచి బండి కాడికొచ్చింది. నేను బండి తలుపు తెరిచిన. "మంచిగ చేసిండమ్మా" అన్న. నాకే సరిగ ఇనవడలే.

ఆమె ఎక్కలే. తలుపు కింది అంచు మీద కూసున్నది. కాళ్ళు రెండు నేలకు ఆనినయ్. గా ఇనుపంచును అరచేత్తోటి నిమురుకుంట శానసేపు లేవలే.